చెమటకు తూకం

ఎండ పేదవాడి హిమాలయమట! కొండలెక్కి సాధన చేసే స్తోమత లేనివాళ్లు మిట్టమధ్యాహ్నం పరుగెత్తితే అదే ఫలితం దక్కుతుందట. ఈ మాట పుణ్యమా అని ఆదివారం వస్తే చాలు, చెన్నై నుంచి పులికాట్ సరస్సు పక్కనున్న మా తడకు ‘పేదవాళ్లు’ దిగుతున్నారు. వెనకాలే ఏసీ కారు, అందులో ఐసుపెట్టె, చేతికి నాటుపడవ ఖరీదు చేసే వాచీ. మే నెల ఎండలో, పదకొండింటికి, భీములవారిపాళెం రేవు దాకా ఉరకడం, మళ్లీ రావడం.

బనీన్ల మీది రాతల జోలికి పోను. వెయిట్ మిషను సంగతి మాత్రం చెప్పి తీరాలి.

దాన్ని టీకొట్టు ముందు పెడతారు. నిక్కర్లతో ఒక్కొక్కరే ఎక్కి అంకె రాసుకుంటారు. రెండు గంటల తర్వాత తూలుతూ వచ్చి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ ఎక్కుతారు. తాగిన నీళ్లు కలిపి, తీసివేతలు చేసి, “రెండు కేజీలు పోయింది బ్రో!” అంటే చప్పట్లు. పక్కన రొయ్యల ట్రేలు దించుతున్న కుర్రాడు “కేజీ ఎంతకి పోతుందన్నా?” అనడిగాడు.

మంచి ప్రశ్నే. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఒకపక్క పులికాట్, దాని అవతల సముద్రం, గాలి నిండా తేమ. ఇక్కడ చెమట సరిగా ఆవిరి కాదు, నేల మీదికి కారుతుంది. వీళ్లు తూచుకుని మురిసేది దండగ చెమటను.

ఒకాయన తూకం తగ్గకూడదని దారిపొడుగునా నీళ్లు పట్టించి, బయల్దేరినప్పటి కంటే బరువెక్కి వచ్చాడు. దానికీ చప్పట్లే! 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన వాళ్లలో 13 శాతం మందికి నెత్తుట్లో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువని తేలింది. మిషను చెప్పిన ఒకే ఒక్క పనికొచ్చే మాట ఆ పెరిగిన బరువే, ఎవరికీ పట్టలేదు.

ఒళ్లు ఎండకు అలవాటు పడడం అబద్ధం కాదు. పది, పద్నాలుగు రోజులు వరసగా ఎండలో కష్టపడితే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. వరసగా అన్నాను. ఆరు రోజులు ఏసీలో కూర్చుని ఏడోరోజు వచ్చేవాడికి దక్కేది వడదెబ్బ.

ఆ అలవాటున్నవాళ్లు ఇక్కడ బోలెడుమంది. పులికాట్ నీళ్లలో వంగి చేతులతో రొయ్యలు తడిమేవాళ్లు, ఉపాధి పనిలో మట్టి మోసేవాళ్లు. వాళ్ల చెమటను ఎవడూ తూచలేదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ఎండకు చచ్చిపోయారు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ కొలువు కోసం పది కిలోమీటర్ల పరుగుకు వెళ్లి పదిమందికి పైగా కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంత జరిగాక కూడా ఎండకు పేదవాడి పేరు తగిలించడానికి నోరెలా వస్తుంది? పేదవాడు ఎండలో ఉండేది కూలి కోసం. నీడ ఇస్తే ఈ క్షణమే వస్తాడు.

పోనీ, పరుగులో ఆరితేరినవాళ్లనైనా వేడి వదిలిందా? 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మహిళల మారథాన్‌ను వేడికి జడిసి అర్ధరాత్రి పెట్టారు. అయినా 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. వాళ్లంతా దేశాల తరఫున పరుగెత్తినవాళ్లు.

మొన్న రేవు దగ్గర ఒకాయన కుప్పకూలాడు. ఇరకం దీవికి వెళ్లే పడవ కోసం కూర్చున్న ఆడవాళ్లు నీడకు ఈడ్చి, నెత్తిన నీళ్లు పోసి, చెంగులతో విసిరారు. కళ్లు తెరుస్తూనే “వాచీ ఆపారా?” అన్నాడు. తెల్లారి నాలుగింటికి రావచ్చు కదా నాయనా, చల్లగా ఉంటుంది అన్నాను.

“అప్పుడు ఎండ ఉండదు కదా సార్.”