పైన పటారం పద్ధతి: కారులో కంప్యూటర్ బిగించుకునేవారికి పది సలహాలు

పాత కారులో స్టీరియో పీకేసి, దాని చోట సొంతంగా కట్టుకున్న టచ్‌స్క్రీన్ కంప్యూటర్ పెట్టుకోవాలని చాలామందికి కోరిక. అరచేతిలో ఇమిడే రాస్‌బెర్రీ పై కంప్యూటర్, ఏడంగుళాల తెర, కాసిని వైర్లు ఉంటే మ్యాపులు, పాటలు, రివర్స్ కెమెరా అన్నీ ఒకేచోటికి వస్తాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఓ పూట తిరిగితే సరంజామా సంచిలో పడుతుంది. ఇక బిగించడమే తరువాయి.

దానికి మా సూత్రం ఒక్కటే. తెర అందరికీ కనిపిస్తుంది, వైర్లు ఎవరికీ కనిపించవు. కాబట్టి డబ్బూ శ్రద్ధా తెర మీదే పెట్టాలి. పైన పటారం బాగుంటే లోన లొటారం గురించి ఎవరడుగుతారు? ఈ కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. ముందు కోత, తర్వాత కొలత

కార్ స్టీరియోలకు అంతర్జాతీయ కొలతలున్నాయి. సింగిల్ డిన్ అంటే 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్‌కు ఎత్తు 100. రాస్‌బెర్రీ పై కంపెనీ 2015లో తెచ్చిన ఏడంగుళాల తెర చూస్తే 194 × 110. అంటే డబుల్ డిన్ ఖాళీలో కూడా పట్టదు. ఇంట్లో కూర్చుని స్కేలు పెడితే ఈ సంగతి ముందే తెలిసిపోయి ఉత్సాహం నీరుగారుతుంది. అందుకే తెర కొని, హ్యాక్సా బ్లేడుతో డ్యాష్‌బోర్డు కోయడం మొదలుపెట్టాక తెలుసుకోండి. ప్యానెల్ ఊడబెరికేటప్పుడు విరిగే క్లిప్పుల లెక్క పెట్టుకోవద్దు. గతుకుల్లో వచ్చే కిరకిరకు పాట సౌండు పెంచుకుంటే చాలు.

2. ఫ్రేముకు పీఎల్ఏ ప్లాస్టిక్కే వాడండి

తెర చుట్టూ ఫ్రేమును త్రీడీ ప్రింటింగ్ చేయించేటప్పుడు ఏబీఎస్ వాడమని కొందరు పోరుతారు. అది వంద డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నిజమే. కానీ పీఎల్ఏ చవక, నున్నగా వస్తుంది, రంగులు బాగుంటాయి. అరవై డిగ్రీల దగ్గర మెత్తబడుతుందంటే మెత్తబడనివ్వండి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డుకు అరవై ఓ లెక్కా? సాయంత్రానికి ఫ్రేము తెర బరువుకు ముందుకు వంగి మీకు నమస్కారం పెడుతుంది. రాస్‌బెర్రీ పై ప్రాసెసర్ కూడా 80 డిగ్రీలు దాటాక తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో మ్యాపు నిదానంగా కదిలితే కంగారు పడకండి.

3. కరెంటు పసుపు వైరు నుంచే లాగండి

స్టీరియో వెనక మామూలుగా ఎర్ర వైరుకు తాళం తిప్పితేనే కరెంటు వస్తుంది. పసుపు వైరుకు ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. తాళంతో పనిలేకుండా తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండాలంటే పసుపే మేలు. కంప్యూటరూ తెరా కలిసి 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ తాగినా, చిన్న పెట్రోలు కారులోని 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ లెక్కకు 70 గంటలు వస్తుంది. సెల్ఫ్ తిరగడం అంతకంటే చాలా ముందే మానేస్తుంది. సంక్రాంతికి కారు ఇంటి దగ్గర వదిలి రైల్లో ఊరెళ్లి, నాలుగో రోజు తిరిగొచ్చి తాళం తిప్పితే టక్‌టక్‌మని మాత్రమే వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నూ పక్కింటి కుర్రాళ్లనూ పిలిచి తోయించుకుంటే ఇరుగుపొరుగుతో సఖ్యత పెరుగుతుంది.

4. పన్నెండు వోల్టులంటే పన్నెండే అనుకోండి

ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టులు దాటుతుంది, సెల్ఫ్ కొట్టగానే 9 కంటే కిందికి పడొచ్చు, ఆల్టర్నేటర్ ఛార్జింగ్ మధ్యలో బ్యాటరీ తీగ ఊడితే పదుల వోల్టుల దెబ్బ ఒక్కసారిగా తగులుతుంది. ఇవన్నీ కార్ల కోసమే చేసిన ఖరీదైన కన్వర్టర్లు అమ్ముకునేవాళ్లు చెప్పే మాటలు. మీరు చవకైన బోర్డు తెచ్చి అయిదు వోల్టులకు తిప్పి, సన్నటి చార్జింగ్ కేబుల్ తగిలించండి. రాస్‌బెర్రీ పై 4కు 3 ఆంపియర్లు ఇవ్వగల సప్లై కావాలంటారు. సన్న తీగలో వోల్టేజీ 4.63 కంటే పడితే తెర మీద పసుపు మెరుపు గుర్తు వస్తుంది. అలంకారంగా ఉంటుంది, ఉండనివ్వండి.

5. ఫ్యూజు పోతే పెద్దది వేయండి

10 ఆంపియర్ల ఫ్యూజు పోయిందంటే దానికి ధైర్యం చాల్లేదని అర్థం. 30 వేయండి. అదీ దొరక్కపోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడతపెట్టి దూర్చండి. ఇక ఫ్యూజు పోయే ప్రసక్తే లేదు. ఎక్కడో షార్ట్ అయితే డ్యాష్‌బోర్డు లోపల సన్న వైరే ఎర్రగా కాగి ఫ్యూజు పని చేస్తుంది. దాని పక్కనే ప్లాస్టిక్కు, ఫోము, కార్పెట్టు ఉంటాయి. ఇన్సూరెన్స్ సర్వేయరు వస్తే ఈ సలహా ఎవరిచ్చారో చెప్పకండి.

6. జాయింట్లకు నల్ల టేపు చాలు

టంకం వేసి, దాని మీద హీట్‌ష్రింక్ గొట్టం తొడగడం చాదస్తం. రెండు వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టేయండి. వేసవిలో జిగురు కరిగి టేపు జారుతుంది, రాగి బయటపడుతుంది. అయినా అది ప్యానెల్ వెనకే కదా. వైర్లు వెతుకుతుంటే పసుపు తొడుగు, పసుపు కనెక్టర్ ఉన్న తీగలు తగలొచ్చు. అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని ముట్టొద్దని, మల్టీమీటర్ అసలే పెట్టొద్దని, పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి కాసేపు ఆగాలని సర్వీసు పుస్తకాల్లో రాస్తారు. ఆగేంత తీరిక ఉన్నవాళ్లు పుస్తకాలే చదువుకుంటారు.

7. ఈల వినిపిస్తే ఆనందించండి

స్పీకర్లలో సన్నని ఈల వచ్చి, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పైకి పోతుంటే అది ఆల్టర్నేటర్ చప్పుడు. కంప్యూటర్‌కు ఒకచోట, యాంప్లిఫయర్‌కు ఇంకోచోట ఎర్త్ ఇస్తే ఇలా జరుగుతుంది. రెండింటికీ ఒకేచోట, రంగు గీకిన బాడీ రేకు మీద ఎర్త్ ఇస్తే చాలావరకు పోతుంది. పోగొట్టుకోవడం ఎందుకు? ఆర్‌పీఎం మీటరు చెవికి కూడా వినిపిస్తోందని సంతోషించండి.

8. డ్యాష్‌బోర్డులో పవర్‌బ్యాంకు దాచండి

మూడో సలహా కాదని ఎర్ర వైరుకు కట్టినవాళ్లకు తాళం తీయగానే కరెంటు ఠక్కున పోతే, రాస్తున్న మెమరీ కార్డు పాడై మర్నాడు కంప్యూటర్ లేవకపోవచ్చు. తాళం తీశాక పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ఆ తర్వాతే కరెంటు ఆపే చిన్న బోర్డులు దొరుకుతాయి. వాటికి డబ్బెందుకు? అల్మారాలో ఉబ్బిన పాత పవర్‌బ్యాంకు ఉంటుందిగా, దాన్ని తెర వెనక కుక్కండి. లిథియం బ్యాటరీకి వేడి పడదంటారు. రెండో సలహాలోని వేడి గుర్తుంటే ఈ పేరా త్వరగా దాటేయండి.

9. రివర్స్ కెమెరా కూడా దీనికే కట్టండి

అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటిలో, రివర్స్ గేరు వేశాక రెండు సెకన్లలోపు వెనక దృశ్యం తెర మీద కనబడాలి. మన కంప్యూటర్ నిద్ర లేచి, లోగో చూపించి, కెమెరా తెరిచేసరికి అర నిమిషం పట్టొచ్చు. ఈలోపు మీరు వెనక్కి తిప్పేసి ఉంటారు. తగిలిన కుండీని మాత్రం మంచి రిజల్యూషన్‌లో చూడొచ్చు.

10. ప్రతి మీటనూ తెర మీదికి ఎక్కించండి

సౌండు, ఏసీ, వైపర్లు అన్నీ తెర మీదే ఉండాలి. చేత్తో తడిమి తిప్పే గుండ్రటి మీటలు పాతకాలపువి. కార్ల భద్రతకు మార్కులేసే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు మాత్రం 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్ల వంటి వాటికి విడి మీటలు లేని కార్లకు మార్కులు కోస్తున్నారు. వాళ్లకు మన ఔటర్ రింగ్ రోడ్డు తెలియదు. అక్కడ గంటకు వంద కిలోమీటర్ల వేగంలో పాట వెతకడానికి మూడు సెకన్లు తెర వంక చూస్తే కారు 80 మీటర్లు దాటిపోతుంది. అన్ని మీటర్ల రోడ్డు చూసే శ్రమ తప్పుతుందన్నమాట.

ఇవన్నీ పాటించాక కారు అమ్మాలనిపించడం సహజం. ప్రకటనలో తెర ఫొటో ముందు పెట్టి, ‘కస్టమ్ ఫిట్టింగ్’ అని రాయండి. బేరానికొచ్చినాయన టైర్లు తన్నితే తన్ననివ్వండి, బానెట్ ఎత్తితే ఎత్తనివ్వండి. జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకొచ్చినవాడికి మాత్రం కారు చూపించకండి.