చీటీ లేని పిట్ట

దసరా నాడు పాలపిట్ట కంటబడితే శుభమని తెలుగువాళ్ళ నమ్మకం. నమ్మకం ఉన్నచోట బేరం ఉంటుంది గనక, వల వేసి పట్టిన పాలపిట్టలు పండగ పూట పంజరాల్లో కూర్చుని హైదరాబాద్ వీధుల్లోకి వస్తాయి. నోటిస్తే దర్శనం. అటవీ శాఖవాళ్ళు దాడులు చేసి పంజరాలు పట్టుకోవడం కూడా పండగలో ఒక తంతైపోయింది. ఈ వార్త చదివి అందరికంటే ముందు మండిపడేది కెమెరా దొర. "డబ్బిచ్చి పిట్టను చూడ్డమేమిటి, అసహ్యం కాకపోతే! అడవికి పోవాలి, ఓపిగ్గా కూచోవాలి, అది తనంతట తాను కనబడితే చూడాలి" అని ఘాటుగా ఒక పోస్టు పెడతాడు. పెట్టి, సూట్‌కేసు సర్దుకుని సాత్‌తాల్ బయల్దేరతాడు.

సాత్‌తాల్ ఉత్తరాఖండ్‌లో ఉంది. నైనీతాల్ జిల్లాలో భీమ్‌తాల్‌కు దగ్గర్లో, దాదాపు 1,370 మీటర్ల ఎత్తున, రాముడూ లక్ష్మణుడూ సీతమ్మా పేర్లు పెట్టుకున్న చెరువుల చుట్టూ ఓక్, పైన్ చెట్ల అడవి. చలికాలంలో పైకొండలు గడ్డకట్టగానే అక్కడి పిట్టలు ఈ లోయకు దిగుతాయి. ఎర్రముక్కు లియోథ్రిక్స్‌లు గుంపులుగా పొదలు గాలిస్తాయి, సెలయేటి రాళ్ళమీద ఫోర్క్‌టెయిల్ తన కత్తెర తోక ఆడిస్తూ తిరుగుతుంది. ఆ సెలయేటి మలుపుల్లో ఒకదానికి పక్షి వీక్షకులు పెట్టుకున్న పేరు 'స్టూడియో'.

ఈ కొండల్లో స్టూడియోలకు పెద్ద వంశచరిత్రే ఉంది. తుపాకీ పక్కనపెట్టి సినిమా కెమెరా పట్టిన జిమ్ కార్బెట్, పులుల్ని చిత్రించడానికి అడవిలో ఒక వాగు దగ్గర స్టూడియో ఏర్పాటు చేసుకున్నాడు. కెమెరా చప్పుడుకు పులులు బెదిరిపోతుంటే వాగుకు చిన్న చిన్న అడ్డుకట్టలు వేసి, నీటి గలగలలో ఆ చప్పుడు కలిసిపోయేలా చేశాడు. నెలలు పట్టింది. ఇదంతా ఎవరో పరిశోధించి బయటపెట్టలేదు. 1944లో వచ్చిన 'మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్' చివరి అధ్యాయంలో ఆయనే రాసుకున్నాడు. పులి తనంతట తాను వచ్చి నిలబడిందని కోతలు కోయలేదు.

ఇప్పటి స్టూడియోను హైడ్ అంటారు. పచ్చగుడ్డ కట్టిన పందిరి, గుడ్డకు వరసగా బెజ్జాలు, బెజ్జాల్లోంచి బయటికి చూసే లెన్సులు. వాటిలో పది లక్షలు దాటినవి కూడా ఉంటాయి. ఎదురుగా తవ్వించిన నీటిగుంట, గుంట పక్కన నాచు పట్టిన దుంగ. లెన్సు వైపు నుంచి చూస్తే అంతా నాచే. వెనక్కి వెళ్ళి చూస్తే దుంగలో తొలిచిన గుంటలు, గుంటల్లో మెలికలు తిరిగే మీల్‌వర్మ్‌లు. పెంపుడు పిట్టలకు మేతగా అమ్మే పురుగులే అవి. పిట్ట వాలుతుంది, వంగుతుంది, పురుగు మింగి తలెత్తుతుంది. ముక్కున పురుగు కనబడని ఆ అరక్షణంలో బెజ్జాలన్నీ ఒక్కసారిగా టకటకలాడతాయి. దుంగ ఎక్కడుంటే వెనక అడవి మెత్తటి ఆకుపచ్చ మరకలా పడుతుందో హైడ్ కుర్రాడికి కొట్టిన పిండి. "సాబ్, రెండడుగులు ఎడమకి" అంటాడు. సాబ్ జరుగుతాడు.

ఆ కుర్రాడి మీద కోపం అనవసరం. అడవి పక్క ఊళ్ళో పుట్టినవాడు చెట్టు కొట్టకుండా, ఉచ్చు పెట్టకుండా నాలుగు డబ్బులు చూసుకుంటున్నాడంటే మంచిదే. పైగా గుంట ఎవరు తవ్వారని అడిగితే నేనేనని నవ్వుతూ చెబుతాడు. నోరు పడిపోయేది దొరకే. ఆ రాత్రి ఫొటో కింద ఆయన రాసే వాక్యం ఎలా ఉంటుందంటే: "దట్టమైన హిమాలయ అరణ్యంలో ఆరు గంటల నిరీక్షణ... ఒక్క క్షణం కరుణించిన వనదేవత." కరుణ హైడ్ రుసుములోనే కలిసి ఉందనీ, పక్క బెజ్జంలోని పెద్దమనిషికీ అదే దేవత అదే భంగిమలో అదే క్షణాన ప్రత్యక్షమైందనీ రాయడు. పురుగుల ఊసు అసలే ఎత్తడు. ఆ పురుగుల్లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. పంజరాల్లో పిట్టల్ని పెంచేవాళ్ళు కూడా వాటినే ముఖ్య ఆహారంగా పెట్టరు, ఎముకలు దెబ్బతింటాయని. అడవి పిట్టకైతే రోజూ విందే, లెన్సులు ఉన్నన్నాళ్ళూ.

పురుగుకు లొంగని పిట్ట కోసం దొర జేబులో ఫోనుంది. అందులో ఆ పిట్ట కూతే ఉంది. మగపిట్టల పాట చాలామటుకు సరిహద్దు ప్రకటన: ఇది నా చోటు, ఇంకొకడు అడుగుపెట్టొద్దని. పక్క పొదలోంచి అదే పాట వినబడిందంటే ఎవడో కబ్జాకు వచ్చాడని అర్థం. అన్నానికి కూర్చున్న మనిషి, వీధిలో ఎవడో "ఈ ఇల్లు నాది" అని అరుస్తుంటే చెయ్యి కడుక్కోకుండానే బయటికి ఉరికినట్టు, పిట్ట మేత వదిలి ఉరికి వస్తుంది. కొమ్మ కొమ్మ మీదా దూకుతుంది, ఒళ్ళు ఉబ్బించుకుని తానూ అరుస్తుంది. శత్రువు కనబడడు. పొదలో ఉన్నది బ్లూటూత్ స్పీకరు. దొర ఆల్బమ్‌లో ఈ ఫొటో పేరు 'ఆనంద గీతం'.

ఇదేమిటని అడిగితే సమాధానం సిద్ధం: "ఒక్కసారే కదా వేసింది!" నిజమే, ఆయన ఒక్కసారే. ఆయన ముందు బ్యాచ్‌వాళ్ళూ ఒక్కసారే, తర్వాతి బ్యాచ్‌వాళ్ళూ ఒక్కసారే. శనివారం పొద్దు గుంకేసరికి ఒక్క పిట్ట మీద ఎన్ని 'ఒక్కసారి'లు పడ్డాయో లెక్కపెట్టడానికి ఎవరి దగ్గరా పుస్తకం లేదు. ఈక్వెడార్ అడవుల్లో రెండు జాతుల పక్షులకు కూత వినిపించి చూసి, 2013లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఫలితాలు ప్రకటించారు. మొదట్లో రెండూ రెచ్చిపోయి అతిగా పాడాయి. వాటిలో ఒకదానికి రోజూ వినిపిస్తే, రోజులు గడిచేకొద్దీ అది పట్టించుకోవడం తగ్గించింది. దొరలు ఈ రెండో ముక్క చూసి "అలవాటైపోతుందట" అని సంబరపడతారు. నిజం శత్రువు వచ్చి అరిచిన రోజున ఆ అలవాటు ఎంత చేటు చేస్తుందన్నది వాళ్ళ ఆల్బమ్‌లో పట్టే సంగతి కాదు.

గూళ్ళ ఫొటోలది మరో కథ. పిల్లల నోట్లో తల్లి మేత పెడుతుండగా తియ్యాలి, మధ్యలో రెండు రెమ్మలు అడ్డొస్తాయి, విరిచేస్తే సరి. ఆ రెమ్మలే కాకి కంటికీ మధ్యాహ్నపు ఎండకూ అడ్డని ఆయనకెవరు చెప్పాలి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం ఒక మాట చెప్పి పెట్టింది. అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ చెదరగొట్టడాన్ని 'వేట' నిర్వచనంలోనే చేర్చింది. "వేటను నిర్మూలించాలి" అని టీషర్టు మీద అచ్చేసుకుని గూటి దగ్గర నిలబడ్డ మనిషిని చట్టం ఏ వరసలో కూర్చోబెట్టిందో ఆయన చూసుకుని ఉండడు.

కూత వినిపించడమే పాపమంటే అదీ తప్పే. 1900 తర్వాత కనబడకుండా పోయి, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడు ఐతన్న పుణ్యమా అని మళ్ళీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట ఉనికిని పట్టడానికి శాస్త్రవేత్తలు దాని కూతను రికార్డు చేశారు, ముళ్ళపొదల మధ్య వినిపించారు కూడా. కాకపోతే ఎక్కడ వినిపించారో, ఎప్పుడు వినిపించారో, బదులు పలికిందో లేదో రాసిపెట్టారు. 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసిన సాలిం అలీ అయితే నమూనాల కోసం పిట్టల్ని కాల్చాడు. దాచలేదు. ప్రతి నమూనా కాలికీ ఒక చీటీ కట్టి ఉంటుంది, ఊరూ తేదీ రాసి. తుపాకీతో కొట్టిన పిట్ట ఎలా దొరికిందో దాదాపు నూరేళ్ళ తర్వాతా చెబుతోంది. పది లక్షల లెన్సుతో కొట్టిన పిట్టకు చీటీ లేదు.

ఇదంతా సంరక్షణ కోసమేనంటాడు దొర. 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023' నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. దీర్ఘకాలపు లెక్కలు కట్టగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గిపోయాయని తేలింది. ఆ లెక్క 30 వేలమందికి పైగా మామూలు వీక్షకులు రాసిచ్చిన జాబితాల నుంచి వచ్చింది. ఇంటి వెనక చెరువులో బుడుబుంగలెన్ని, కొంగలెన్ని అని ఓపిగ్గా రాసినవాళ్ళ పుణ్యం అది. దొర ఆ చెరువు పక్కనుంచే ఎయిర్‌పోర్టుకు పోతాడు. బుడుబుంగకు లైకులు రావు మరి.

ఫొటో పోటీల నిర్వాహకులకు మాత్రం బుద్ధి కొంత ముందే వచ్చింది. 2009లో లండన్ 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్' పోటీలో, రాత్రిపూట గేటు దూకుతున్న తోడేలు మొదటి బహుమతి గెలుచుకుంది. అది బహుశా మచ్చిక చేసిన తోడేలేనని తేల్చి, 2010 జనవరిలో నిర్వాహకులు బహుమతిని రద్దు చేశారు. 10 వేల పౌండ్లు పోయాయి. అడవి తోడేలేనని ఫొటోగ్రాఫర్ కడదాకా వాదించాడు.

మన దగ్గర జరిగే పోటీల దరఖాస్తుల్లోనూ రెండే రెండు గళ్ళు పెడితే బాగుంటుంది: "మేత వేశారా? కూత వినిపించారా?" దొర మాత్రం వాటి పక్కన చుక్కగుర్తు ఉందో లేదో చూసుకుని, లేకపోతే ఖాళీగా వదిలేస్తాడు.