మూడు ఊళ్ల గద

ప్రొద్దుటూరులో కాపురముంటూ ఏ వస్తువుకైనా బంగారు రంగు వేయాలనుకోవడం సాహసం. వేరే ఊళ్లో అయితే చూసినవాళ్లు "బాగుంది" అని దాటిపోతారు. మా ఊళ్లో ఆగుతారు. చేతిలోకి తీసుకుంటారు. బరువు చూస్తారు, వెలుతురుకు పట్టి చూస్తారు, తిరగేసి అడుగున ముద్ర ఉందేమోనని వెతుకుతారు. "కొంచెం ఎరుపు తిరిగింది సార్, రాగి ఎక్కువైనట్టుండాది" అని చెప్పిందాకా కదలరు. బంగారం అంగళ్ల మీద బతికే ఊరు మాది. కూరగాయల బండి దగ్గర కూడా బేరాల మధ్య 916 మాట దొర్లుతూ ఉంటుంది.

అట్లాంటి ఊళ్లో 4 అడుగుల గదకు బంగారు రంగు వేయించే పని నా నెత్తిన పడింది. గద ఘటోత్కచుడిది. ఘటోత్కచుడు మా చెల్లెలి కొడుకు.

చెల్లెలిది జమ్మలమడుగు. మేనల్లుడు పులివెందులలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడికి హైదరాబాద్ కామిక్ కాన్‌కు వేషం కట్టుకొని పోవాలని కోరిక. 2013లో అక్కడ మొదలైన ఈ తిరునాళ్లలో పిల్లలు సినిమాల్లోని, బొమ్మల కథల్లోని వీరుల వేషాలు వేసుకొని తిరుగుతారు. కాస్‌ప్లే అంటారు. "అందరూ ఐరన్ మ్యాన్, నరుటో అని పోతారు మామా. నేను ఘటోత్కచుడిగా పోతా" అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయాను. పడిపోక ఏం చేస్తాను? 1957లో వచ్చిన మాయాబజార్ నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. దర్శకుడు కె.వి. రెడ్డి జమ్మలమడుగు దాటి పోతే వచ్చే తాడిపత్రి మనిషి. అందులో ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావు భుజాన పెట్టుకున్న గదలో కనీసం పిడి అయినా మా సీమదేనని మా ఇంట్లో ఎప్పటినుంచో వాదన.

ఇనుముతో చేయిస్తే అక్కడి కాపలావాళ్లు లోపలికి రానివ్వరు. చెక్కతో చేయిస్తే మావాడు ఎత్తలేడు, ఘటోత్కచుడి పాత్రకు వాడి భుజాలు ఇంకా సిద్ధం కాలేదు. కాబట్టి రెసిన్. అచ్చులో పోసి, ముక్కలుగా అమ్ముతారు. అతికించుకోవడం, నునుపు చేసుకోవడం, రంగు వేసుకోవడం కొన్నవాళ్ల ఖర్మ. ఆర్టీసీ బస్సులో పట్టాలి కనుక తల, పిడి, అడుగు బుడిపె, తల చుట్టూ ఉండే కొమ్ములు అన్నీ ఊడివచ్చేలా ఉండాలి.

ఊడదీసి బిగించే వస్తువులన్నిటికీ ధర్మం ఒకటే. ఊడవలసింది ఊడాలి, ఊడకూడనిది ఊడకూడదు. చెప్పుకోవడానికి ఎంత సులువుగా ఉందో చూడండి. గద పూర్తయ్యేదాకా మా మూడు ఊళ్లవాళ్లం పడిన పాట్లన్నీ ఈ రెండు ముక్కల నడుమనే.

పార్సిల్ జమ్మలమడుగులో దిగింది. చెల్లెలు విప్పి చూసి వెంటనే ఫోన్ చేసింది.

"అన్నా, ఇంత డబ్బు పోసి తెప్పించుకున్నాడు, మొత్తం పగిలిపోయి వచ్చింది. వాపసు పంపిద్దామా?"

పగల్లేదని, పుట్టుకే ముక్కలని నచ్చజెప్పి మొదటి పని అప్పగించాను. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి లోపల మైనమో మరేదో పూస్తారు. ఆ జిడ్డు ముక్కలకు అంటుకునే ఉంటుంది. దాని మీద రంగు వేస్తే పొరలు పొరలుగా లేచిపోతుంది. అందుకని గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే సబ్బు, పాత బ్రష్షు. మా చెల్లెలు రాత్రి అంట్లతో బాటు ఘటోత్కచుడి ఆయుధాన్ని కూడా తోమి బోర్లించింది.

పిడి మాత్రం దారిలో ఎండ తగిలి కాస్త వంగి వచ్చింది. ఈ రకం రెసిన్ వేడికి మెత్తబడుతుంది. వేడి నీళ్లలో ముంచి, నిటారుగా పట్టి, చల్లార్చితే అట్లాగే నిలబడిపోతుంది. స్నానాలకు కాగులో కాగుతున్న నీళ్లలోనే చెల్లెలు ఆ పని కానిచ్చింది. బావ తుండు భుజాన వేసుకొని వచ్చి, తనకంటే ముందు గద పిడి స్నానానికి దిగడం చూసి, ఏమీ అనకుండా కాఫీ తాగడానికి వెనక్కి పోయాడట. కొడుకును ఇంజినీరింగ్ చదివించే తండ్రికి ఆశ్చర్యపోవడం అప్పటికే మానుకోక తప్పదు.

శుద్ధి అయిన ముక్కలు ప్రొద్దుటూరు చేరాయి. ముందు ఊడకూడనివి. గద తల రెండు గుల్లలుగా వచ్చింది. రెండింటినీ కలపాలి. సలహాల వర్షం మొదలైంది. "రెండు చుక్కలు ఫెవిక్విక్ వేయండి సార్, గజం దూరంలోంచి విసిరినా ఊడదు" అన్నారు వీధివాళ్లు. ఫెవిక్విక్ లాగుడును ఓర్చుకుంటుంది గానీ దెబ్బకు చిట్లుతుంది. గద అంటేనే దెబ్బ. అందుకని అంచుల్లో సన్నగా రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీ ముక్కలు గుచ్చి, అరాల్డైట్ రెండు ట్యూబులూ సమపాళ్లలో కలిపి పూసి, తాడుతో బిగించి కట్టి, మిద్దె మీద నీడన పడుకోబెట్టాను. రాత్రంతా కదపకూడదు. కానీ అతుకుకు అసలు శత్రువులు ఎండా వానా కావు. "అతుక్కున్యాదా?" అని పీకి చూసేవాళ్లు. మా ఆవిడను మిద్దె మెట్ల మీద కాపలా పెట్టవలసి వచ్చింది. ఆమె కూడా ఒకసారి పీకి చూసిందని నా అనుమానం.

తర్వాత ఊడవలసినవి. పిడినీ తలనూ కలపడానికి మర ఉండాలి. మరలు ఉన్నది ప్లంబింగ్ సామాన్ల అంగట్లో. బయట మర ఉన్నదాన్ని ఎం.టి.ఎ. అనీ, లోపల మర ఉన్నదాన్ని ఎఫ్.టి.ఎ. అనీ అడగాలి. ఒకటి పిడిలో, ఒకటి తలలో అతికిస్తే చేత్తో తిప్పి బిగించుకోవచ్చు, తిప్పి ఊడదీసుకోవచ్చు.

"ఇంచుదొకటి ఎం.టి.ఎ., ఒకటి ఎఫ్.టి.ఎ. ఇవ్వప్పా."

"దేనికి సార్?"

"గదకు."

"ఏ గదికి సార్? వంటగదికా, బాత్రూముకా?"

వివరంగా చెప్పాను. అంగడతను ఓపిగ్గా విని, రెండూ పొట్లం కట్టి, పైన ఒక టెఫ్లాన్ టేపు చుట్ట కూడా పెట్టాడు. "ఎందుకైనా మంచిది, లీకు కాకుండా ఉంటాది." ఘటోత్కచుడి గద కారుతుందేమోనన్న ఆలోచన వ్యాసుడికి కూడా వచ్చి ఉండదు.

అక్కణ్నుంచి కార్లకు రంగులు వేసే షెడ్డుకు. పెయింటరు గదను అటూ ఇటూ తిప్పి, "ఏ బండిది సార్ ఇది?" అన్నాడు. భీముడి కొడుకుదని చెబితే, "నెంబరు ప్లేటు లేదు కాబట్టి అడిగినా" అన్నాడు. మనిషి మాట మెత్తన, చేయి గట్టిది. అతుకు గీత మీద లప్పం పెట్టాడు. ఆరినాక 120 నెంబరు ఉప్పు కాగితం, తర్వాత 220, ఆ తర్వాత నీళ్లలో తడిపి 400. తడి ఎందుకంటే రెసిన్ పొడి గొంతులోకి పోతే మంచిది కాదు. మూతికి గుడ్డ కట్టుకొని తడిపి రుద్దడమే పద్ధతి. నునుపైపోయిందని నేను సంబరపడేలోగా బూడిద రంగు ప్రైమరు కొట్టాడు. ప్రైమరు పెళ్లింటికొచ్చిన మేనత్త. అంతవరకూ ఎవరికీ కనపడని లోపాలన్నీ ఒకటొకటిగా అందరికీ చూపిస్తుంది. సూదిమొన గుంటలు, గీతలు, గాలి బుడగల మచ్చలు అన్నీ బయటపడ్డాయి. మళ్లీ లప్పం. మళ్లీ ఉప్పు కాగితం. పనిలో ముప్పాతిక భాగం ఇదే. చూసేవాళ్లకు కనపడేది మాత్రం చివర కొట్టే రంగు.

ఈ అవస్థలో ఉన్నప్పుడే సురభి నాటకాలవాళ్ల తెలివి నాకు అర్థమైంది. సురభి ఊరు ఎక్కడో లేదు, పులివెందుల నియోజకవర్గంలోనే, చక్రాయపేట మండలంలో ఉంది. తోలుబొమ్మలాడించుకునే వనారస కుటుంబం 1885లో అక్కడే బొమ్మలు పక్కన పెట్టి, మనుషులతో నాటకమాడింది. వనారస గోవిందరావు పేరు అక్కణ్నుంచే మొదలు. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర విడివిడి ముక్కల్ని కదిలేలా కట్టి ఆడించే తోలుబొమ్మలు వాళ్లవి. ఊడేదీ ఊడనిదీ వాళ్లకు ఒకరు చెప్పాలా? అటువంటివాళ్లు మొదట ఎంచుకున్న నాటకం కీచకవధ. అందులో భీముడు కీచకుణ్ణి వట్టి చేతులతో ముద్ద చేస్తాడు. గద అక్కర్లేదు. లప్పం లేదు, ప్రైమరు లేదు. మాయాబజార్ నాటకంలో మంటలు, వానలు, ఆకాశయానాలు రంగస్థలం మీదికి తెచ్చిన కంపెనీ కూడా మొదలుపెట్టింది మాత్రం ఇంత పొదుపుగా.

రంగు రోజు వచ్చింది. పెయింటరు గద మొత్తానికి నిగనిగలాడే నలుపు కొట్టాడు. మా ఆవిడకు గుండె ఆగినంత పనైంది. "బంగారు రంగు అంటిరి కద, ఈ నలుపేంది?" నలుపు మెరుపు మీద పడితేనే బంగారు రంగుకు లోతు వస్తుంది, తెల్ల మీద కొడితే పసుపు రాసినట్టే ఉంటుంది. ఆ సంగతి రెండో పొర పడిందాకా ఎవరూ నమ్మలేదు. అంతకు ముందే పెయింటరు మరల మీదా, కొమ్ములు కూర్చునే గుంటల మీదా టేపు అంటించాడు. రంగుకు మందం ఉంటుంది. ఊడవలసిన చోట రెండు పొరలు పడితే ఇక ఊడదు, మన ధర్మం మొదటి పాదం మంటగలుస్తుంది.

ఎండబెట్టడానికి మిద్దె మీద పెట్టామో లేదో, వీధి వీధంతా పరీక్షకు వచ్చింది. బంగారం పని చేసే మిత్రుడొకరు గోటితో గీరబోయి, నా ముఖం చూసి ఆగాడు. "హాల్‌మార్కు ఏదీ? 2021 నుంచి తప్పనిసరి గదా. ఆరు అక్షరాల హెచ్.యు.ఐ.డి. లేకుండా ఇంత సొమ్ము ఇంట్లో పెట్టుకుంటారా?" అన్నాడు. అసలు తగువు తర్వాత వచ్చింది. గద యుద్ధాలు చూసినట్టు కనపడాలని, చెక్కుళ్ల సందుల్లో నీళ్లగా కలిపిన ముదురు గోధుమ రంగు పూసి, పైపైన గుడ్డతో తుడిచేశాం. మిత్రుడు తట్టుకోలేకపోయాడు. "కొత్త సొమ్ముకు మురికి పూస్తారా! ఊరంతా పాత సొమ్ముకు మెరుగు పెట్టి బతుకుతాంటే!" వృత్తి ధర్మం దెబ్బతిన్న బాధ అది. ఆయన్ను మిద్దె దింపడానికి కాఫీ రెండుసార్లు ఇవ్వాల్సి వచ్చింది.

కొమ్ములు బిగించే పని మేనల్లుడు తీసుకున్నాడు. బిళ్ల అయస్కాంతాలు గుంటల్లో ఒకటి, కొమ్ములో ఒకటి అతికించాలి. ఏ వైపు ఏ ధ్రువమో ముందే మార్కరుతో గుర్తు పెట్టుకుంటే చిటికెలో పని. పులివెందుల హాస్టలు గదిలో పదిమంది ఇంజినీర్లు కలిసి గుర్తు పెట్టకుండా అతికించారు. సగం కొమ్ములు టక్కున కూర్చున్నాయి. మిగిలిన సగం దగ్గరికి తెస్తే పక్కకు తప్పుకుంటున్నాయి. "ఇది కూడా మాయే కద మామా" అన్నాడు ఫోన్లో. మాయ కాదు, ఆరో తరగతి పాఠం. పెకలించి, తిప్పి, మళ్లీ అతికించుకున్నారు.

కొమ్ముల పని అయ్యాక తల ఒక్కటే మళ్లీ మా ఇంటికి వచ్చింది. తల, పిడి బిగించి ఒకసారి చూసుకుందామని నేను తలను సంచిలో పెట్టుకొని పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరు దాటినాక సంచి అంచు జారి బంగారు తల బయటపడింది. పక్క సీటు పెద్దామె కళ్లకద్దుకుంది.

"గండి స్వామికి మొక్కుబడా నాయనా?"

పాపఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి ఉన్న ప్రాంతంలో, గద చూస్తే ఎవరికైనా వచ్చే ఆలోచన అదే. రాక్షసుడి గద అని చెప్పడానికి నోరు రాలేదు. నేను నమిలేలోగా వెనక సీట్లోంచి ఒక పదిరూపాయల నోటు వచ్చి సంచిలో పడింది. ఆమె స్థలపురాణం ఎత్తుకుంది. రాముడు బాణపు మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడట. ఎడమ చేతి చిటికెన వేలు ఒక్కటి విడదీయకుండా వదిలేశాడట. తర్వాత ఎవరో శిల్పి ఆ వేలు కూడా విడదీసి పని ముగిద్దామని ఉలి పెడితే నెత్తురు కారిందట. "పని పూర్తి చేస్తామని అతిగా గీకకూడదు నాయనా" అని ముగించింది.

లప్పం పెట్టి, గీకి, మళ్లీ పెట్టి, మళ్లీ గీకే జబ్బు పట్టినవాళ్లకు ఇంతకంటే మందు లేదు. మా ధర్మంలో రెండో పాదాన్ని గండి శిల్పి నెత్తురు చూసి నేర్చుకున్నాడు, నేను బస్సు టికెట్టుతో నేర్చుకున్నాను. పిడి మీద ఇంకా ఒక సన్నని గీత ఉండింది. దాన్ని అట్లాగే వదిలేయమని మావాడికి చెప్పాను.

హైదరాబాదులో గేటు దగ్గర కాపలావాళ్లు గదను విప్పి చూపించమన్నారట. మావాడు మర తిప్పి, కొమ్ములు పీకి, బల్ల మీద పరిచాడు. మరలో టెఫ్లాన్ టేపు చూసి ఒకతను "ప్లంబింగా?" అని అడిగాడట. లోపల పిల్లలు సగం మంది హనుమంతుడన్నారు, కొందరు భల్లాలదేవుడన్నారు. ఒక తాత మాత్రం దూరం నుంచే "అస్మదీయుడు!" అని కేకేశాడట. గదకు అయిన ఖర్చంతా ఆ కేకతో వసూలైందని మా చెల్లెలి లెక్క. బావ లెక్క వేరు.

ఇప్పుడు గద ఎక్కడుందని అడక్కండి. ఊడివచ్చే వస్తువుకు కాళ్లు వస్తాయి. తల జమ్మలమడుగులో టీవీ పక్కన కూర్చుంది, వచ్చినవాళ్లకు చెల్లెలు కాఫీకంటే ముందు దాన్నే చూపిస్తుంది. పిడి పులివెందుల హాస్టల్లో బట్టలారేసుకునే దండెమైంది. బుడిపె, కొమ్ములు మా ఇంట్లో ఉన్నాయి, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా కొమ్ములే పట్టుకుంటున్నాయి. మొన్న పద్యనాటకాల బృందం వాళ్లు వచ్చి, భీముడి వేషానికి గద కావాలి, నాటకం ఎక్కడ పెట్టుకుంటే మీకు వీలు అని మర్యాదగా అడిగారు. ముద్దనూరులో పెట్టుకోమన్నాను. మూడు ఊళ్ల బస్సులూ ఆగేది అక్కడే.