పక్కన పడేసిన ఉరుము

నన్ను చూస్తే ఉరుమని ఎవరూ అనుకోరు. ఒక కొయ్యపెట్టె, దాని కింద నాలుగు చక్రాలు. అవీ గుండ్రంగా ఉండవు, కావాలనే వంకరగా చెక్కారు. కడుపునిండా రాళ్లు నింపి తెర వెనక చెక్కలమీద లాగితే చాలు, హాలు దద్దరిల్లేది. నా తయారీ గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

జర్మనీలో రైన్, నెకర్ నదులు కలిసేచోట ఉన్న మాన్‌హైమ్ నా ఊరు. అక్కడి నేషనల్ థియేటర్‌లో 1839లో పనికి కుదిరాను. అప్పటిదాకా రాజాస్థానం పేరుమీద నడిచిన ఆ నాటకశాలను నగరపాలన తన చేతుల్లోకి తీసుకున్న ఏడాది అది. కాబట్టి నేను దొరగారి ఉరుముని కాను, పన్నులు కట్టే జనం ఉరుముని. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

నాకు ముందు జరిగినవి పాత రంగస్థలం చెక్కలు చెప్పాయి. ఇక్కడి ప్రభువు కార్ల్ థియోడోర్‌కు బవేరియా వారసత్వం కలిసొస్తే, 1778లో కొలువంతా మూటకట్టుకుని మ్యూనిక్ వెళ్లిపోయాడట. బోసిపోయిన ఊరికి ఓదార్పుగా దక్కింది ఈ నాటకశాల. 1779 అక్టోబరు 7న తొలి తెర లేచింది. డాల్‌బెర్గ్ అనే పెద్దమనిషి దాన్ని నడిపించాడు.

1782 జనవరి 13న షిల్లర్ రాసిన ‘దొంగలు’ ఇక్కడే మొదటిసారి ఆడింది. రచయిత స్టుట్‌గార్ట్‌లో సైనిక వైద్యుడు. సెలవు అడక్కుండా తన నాటకం చూడ్డానికి వచ్చాడు. మళ్లీ అలాగే వచ్చినందుకు అక్కడి ప్రభువు 14 రోజులు నిర్బంధించి, ఇక నాటకాలు రాయొద్దన్నాడు. షిల్లర్ పారిపోయి ఇక్కడికే చేరాడు. 1783లో ఏడాది ఒప్పందంమీద ఆస్థాన నాటకకర్తగా పెట్టుకున్నారు. ఏడాది కాగానే ఒప్పందం పొడిగించలేదు! 1978 నుంచి ఆయన పేరున ఇదే ఊళ్లో ఉత్సవాలు జరుపుతున్నారు. వదులుకోవడం, ఆనక దండలు వేయడం మావాళ్లకు పాత అలవాటే.

నా మంచి రోజులంటే వెబర్ సంగీతనాటకం ‘ఫ్రైషూట్జ్’ ఆడిన రోజులు. నడిరేయి తోడేళ్ల లోయలో మాయతూటాలు పోతపోస్తారు. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఏడుదాకా వెళతారు. లెక్క పెరిగేకొద్దీ తుఫాను ముదరాలి. ఆ ముదరడం నా చక్రాల్లో ఉండేది. ముందు వరసలో పిల్లలు తల్లుల చేతులు పట్టుకునేవారు. పాట పాడినవాళ్లకు పూలగుత్తులు, నాకు మాత్రం గోనెపట్టా ముసుగు. అయినా బాధపడలేదు. ఫుర్ట్‌వేంగ్లర్ 1915 నుంచి 1920 వరకు ఇక్కడ సంగీత దర్శకుడిగా ఉన్నప్పుడూ నేను పనిలోనే ఉన్నాను.

1933లో యోసెఫ్ రోజెన్‌స్టాక్ అనే సంగీత దర్శకుణ్ని తీసేశారు. తప్పు చేసి కాదు, యూదుడని. ఆయన బెర్లిన్‌లో యూదు కళాకారుల సంఘంలో పనిచేసి, 1936లో టోక్యో చేరి అక్కడి వాద్యబృందాన్ని తీర్చిదిద్దాడు. ఆయనకు జరిగినదాని ముందు నా గోడు ఏపాటిది? అయినా చెప్పుకోవాలి కదా, ఇది నా ఆత్మకథ.

కొన్నాళ్లకు నాకూ ఆ రోజు వచ్చింది. ‘‘చోటు తినేస్తోంది’’ అన్నాడొకడు. చోటు తినక ఉరుము ఏం తింటుంది? వంటచెరకు ధరకు నన్ను నెకర్ అవతలి పల్లెకు అమ్మేశారు. కొన్నవాడు ముందు నా కడుపులోని రాళ్లు తీసి, కోళ్లగూడు పైకప్పు గాలికి లేవకుండా వాటిని బరువు పెట్టాడు. తర్వాత నాలో బంగాళదుంపలు పోశాడు. వానాకాలం కొట్టంలో కప్పు కారేది. పైన అసలు ఉరుము ఉరిమితే కోళ్లు బెదిరేవి. నన్ను చూసి ఒక్క కోడీ బెదరలేదు. అంతకు మించిన అవమానం నాకు తెలియదు.

1943 సెప్టెంబరు 5న నాటకశాలలో ‘ఫ్రైషూట్జ్’ ఆడారు. ఆ రాత్రే బాంబులు పడి కట్టడం కూలిపోయింది. తళతళలాడే సామగ్రి అంతా బుగ్గయింది. బంగాళదుంపల పెట్టె బతికింది. పారేయబట్టే మిగిలాను. దీనికి ఎవరికి దండం పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.

యుద్ధం తర్వాత షావ్‌బుర్గ్ అనే సినిమాహాల్లో తలదాచుకుని నాటకాలాడారు. కొత్త భవనానికి 1953లో పోటీ పెడితే వాస్తుశిల్పి మీస్ ఫాన్ డెర్ రోహె గాజూ ఉక్కూ కలిపి గొప్ప నమూనా ఇచ్చాడు. దాన్నీ పక్కన పెట్టి గెర్హార్డ్ వేబర్ నమూనా కట్టారు. 1957 జనవరి 13న తలుపులు తెరిచారు. పెద్ద హాల్లో ‘ఫ్రైషూట్జ్’, చిన్న హాల్లో పిస్కాటర్ దర్శకత్వంలో ‘దొంగలు’. షిల్లర్ ఇల్లనిపించుకున్న ఈ కొత్త భవనం ఉన్న కూడలి పేరు మాత్రం మరో కవి గోథేది. నన్ను ఎవరూ తలవలేదు. అదే ఏడాది తయారైన వాగ్నర్ సంగీతనాటకం ‘పార్సిఫాల్’ ప్రదర్శనను మాత్రం రంగాలు మార్చకుండా దశాబ్దాలు ఆడారు. అంటే పాతది దాచుకోవడం చేతకాక కాదు!

2022 నుంచి ఆ భవనానికీ పెద్ద మరమ్మతు. బృందమంతా తాత్కాలిక వేదికల మీద ఆడుతోంది. మళ్లీ తలుపులు తెరిచే రోజు తోడేళ్ల లోయ వేస్తే నా సంగతి గుర్తుంచుకోండి. ఒక చక్రం పుచ్చింది, వడ్రంగి సరిచేస్తాడు. రాళ్లకు నెకర్ ఒడ్డు ఉండనే ఉంది. జీతం అడగను, పూలగుత్తీ వద్దు. దుంపలు మాత్రం ముందుగా ఖాళీ చేయించండి.