గేరుమీట సంజీవని: టీకా తాత్పర్య సహితం

పాత సైకిలు గేరులోఁ బట్టు దప్పె
జిడ్డు గట్టిన కొక్కెము చిక్కుకొనగఁ;
గిరసనాయిలు చిలికించి కెలికి కడిగి
చుక్క నూనియఁ బెట్టిన జోరు వచ్చు.

అవతారిక: కాళిదాసు కావ్యాలకు కోలాచలం మల్లినాథసూరి సంజీవని వ్యాఖ్య రాశాడు. గేరుమీటకు ఆ భాగ్యం ఇన్నాళ్లూ పట్టలేదు. మన ప్రాచీన సైకిళ్లలో, లూధియానా హీరో అయినా అంబత్తూరు బీఎస్ఏ అయినా, మేష్టార్లు తొక్కిన నల్లబండికి గేర్ల ఊసే లేదు. ఉన్నది ఒకటే వేగం. ఎదురుగాలి వీస్తే అదీ ఉండదు. గేరు సైకిళ్లు చదువుకోవచ్చిన కుర్రాళ్ల వెంట వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తర్వాత ఇదే మండలం ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ వెలసింది. బుడగట్లపాలెం తీరం నుంచి వచ్చే ఉప్పుగాలి మాత్రం వీటన్నిటికంటే ముందు నుంచీ ఉంది. చేతులు మారిన గేరు సైకిలు ఆ గాలిలో, ఆ వానలో ఆరుబయట నిలబడితే ఏమవుతుందో మొదటి రెండు పాదాలు చెబుతున్నాయి. కవీ వ్యాఖ్యాతా ఒకరే గనుక అభిప్రాయభేదాలు తక్కువ, లేవని కాదు.

ప్రతిపదార్థం: పాత సైకిలు గేరులోన్ = పాతదైన సైకిలుయొక్క గేరుమీటయందు; పట్టు = నొక్కగానే టక్కుమని నిలిచే గుణము; తప్పెన్ = పోయెను; జిడ్డు గట్టిన = గ్రీజు ఎండి మైనంలా బిగిసిన; కొక్కెము = పళ్లచక్రమును ఆపు చిన్న ఉక్కుముక్క; చిక్కుకొనగన్ = కదలక ఉండిపోగా; కిరసనాయిలు చిలికించి = సిరంజితోనో చమురుడబ్బా ముక్కుతోనో లోనికి చిమ్మి; కెలికి = బొటనవేలితో మీటను పదేపదే నొక్కి (స్క్రూడ్రైవరుతో పొడిచి అని అర్థము చెప్పరాదు); కడిగి = కారెడి మురికి తేటపడువరకు కడిగి. మిగిలినవి సులభములు.

తాత్పర్యం: మీట చావలేదు. కడగండి.

విశేషాలు: పద్యానికి ప్రాణం 'కొక్కెము'. మీట లోపల ఒక పళ్లచక్రం, దానికి రెండు కొక్కేలు ఉంటాయి. ఒకటి చక్రాన్ని తోస్తుంది, రెండోది వెనక్కి పోకుండా పట్టుకుంటుంది. కొక్కేన్ని పంటిమీదకు నెట్టే స్ప్రింగు చాలా సన్ననిది. గ్రీజు గట్టిపడితే దాని బలం చాలదు. కొక్కెం పళ్లకు దూరంగా అలాగే ఉండిపోతుంది. మీట నొక్కితే చప్పుడు లేకుండా చివరిదాకా పోయి, చప్పుడు లేకుండా తిరిగొస్తుంది. చిలకపాలెం జంక్షన్లో ఎవరికి చూపించినా మాట ఒకటే: "ఇది పోనాది బావూ, కొత్తది ఏసీమంటారా?"

కడగడానికి ముందు వెనక గేరు దగ్గర తీగ బోల్టు వదులు చేసి, మీటకున్న చిన్న మూత తీసి తీగను బయటికి లాగేయాలి. తర్వాత కిరసనాయిలు పోస్తూ నొక్కుతూ ఉంటే మొదట గోధుమరంగు జిడ్డు కారుతుంది. కాసేపు నానబెట్టి మళ్లీ నొక్కాలి. ఎప్పుడో ఒక నొక్కులో కొక్కెం పంటిమీద పడి టక్కుమంటుంది. అంతవరకు ఓపిక లేనివారు మరలన్నీ విప్పేస్తారు. అప్పుడు స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో చెప్పడానికి నా పద్యం పనికిరాదు.

పాఠాంతరం: 'కిరసనాయిలు' బదులు కొందరు 'పెట్రోలు' అంటారు. ఆ పాఠం యతికీ చెల్లదు, లోపలి ప్లాస్టిక్కుకీ మంచిది కాదు, పైగా నిప్పంటుకుంటుంది. రేషన్ డిపోలో కిరసనాయిలు ఇవ్వడం ఆగిపోయాక డీజిలుతో కడిగేవారున్నారు. ఛందస్సు ఒప్పకున్నా ఆచారం ఒప్పుతుంది.

'చుక్క' అన్న మాటను చదువరులు గౌరవించరు. ఇంత కష్టపడి కడిగాం కదా అని చక్రాల బేరింగులకు పెట్టే చిక్కటి గ్రీజు డబ్బాలోంచి తీసి కుక్కుతారు. మొదటి జబ్బు తెచ్చిందే అది. కొక్కేలకు పలచని నూనె, రాసుకునే రేకులకు పలచని గ్రీజు పైపై పూత. అంతకుమించితే కవిహృదయానికి విరుద్ధం.

శంక: కొత్త మీట కొంటే పోదా?

సమాధానం: 1984లో షిమానో కంపెనీ టక్కుటక్కుమనే గేర్లు తెచ్చాక మీటకూ వెనక పళ్లచక్రాలకూ లెక్క కుదరాలి. అంతకుముందు మీట రాపిడి మీద నిలిచేది. ఎక్కడ ఆపాలో తొక్కేవాడి చెవే చెప్పేది. ఏడు చక్రాల షిమానోలో చక్రానికీ చక్రానికీ మధ్య దూరం సుమారు 5 మిల్లీమీటర్లు. ఒక్క టక్కుకు మీట లాగే తీగ సుమారు 2.9 మిల్లీమీటర్లు, మిగతా పెంపు వెనక గేరు చూసుకుంటుంది. ఆరు చక్రాల పాత బండికి ఏడింటి మీట బిగిస్తే లెక్క తప్పుతుంది. ఆరింటి మీట కావాలని ఎచ్చెర్ల నుంచి శ్రీకాకుళం దాకా అడిగి చూడండి, తర్వాత పద్యం దగ్గరికి రండి.

శంక: మీట టక్కుమంటున్నా గేరు తడబడితే?

సమాధానం: అది తీగ తొడుగు ప్రకరణం, ఇక్కడికి చెందదు. అయినా ఒక మాట. బ్రేకు తొడుగులో తీగ చుట్టలు చుట్టలుగా ఉండి నొక్కుకుపోతుంది. గేరు తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి. ఆ 2.9 మిల్లీమీటర్లలో కొంత బ్రేకు తొడుగే మింగేస్తుంది. చేతికందిన బ్రేకు తొడుగు ముక్క కోసి గేరుకు వేసుకున్నవారికి మల్లినాథుడు దిగివచ్చినా వ్యాఖ్యానం చెప్పలేడు.