ఎనిమిదో చేప

నవంబరు చివరి వారం వచ్చిందంటే అమెరికాలో టర్కీ కోళ్ళకు చెడ్డకాలం, మా బావగారికి పుణ్యకాలం. డాలస్ జనమంతా దుప్పట్లు ముసుగుతన్ని పడుకున్న శనివారం తెల్లవారుజామున, నాలుగింటికి, ఆయన గరాజ్‌లో లైటు వేసుకుని గాలాల మొనలు బొటనవేలి గోటి మీద గీసి చూసుకుంటూ ఉంటారు. పడకగది తలుపు సందులోంచి మా అక్క ఒక్క ప్రశ్న వేస్తుంది.

"చింతపండు నానబెట్టమంటారా?"

"ఈసారి పడొచ్చే" అంటారాయన.

ఆ "పడొచ్చే" అన్న మాట పధ్నాలుగేళ్ళుగా వింటున్న ఇల్లాలు కాబట్టి అక్క మళ్ళీ వెళ్ళి పడుకుంటుంది. పొద్దెక్కాక లేచి వంకాయలు కోసుకుంటుంది.

అమెరికా వచ్చిన మనవాళ్ళలో గోల్ఫు పట్టుకున్నవాళ్ళున్నారు, షేర్లు పట్టుకున్నవాళ్ళున్నారు, పెరట్లో గోంగూర పట్టుకున్నవాళ్ళున్నారు. మా బావగారి జాతి వేరు. వీళ్ళు దేన్నీ పట్టుకోలేదు. వీళ్ళనే ఒకటి పట్టుకుంది. దాని పేరు లార్జ్‌మౌత్ బాస్. వారంలో అయిదు రోజులు వీళ్ళకు బాస్ అంటే పడదు. ఆరో రోజు బాస్ పడదు. ఏడో రోజు సోఫాలో కూర్చుని, ఎందుకు పడలేదో ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. అసలు పండగ ఆ ఏడో రోజేనని నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది.

బావగారిది కైకలూరు. చేపల చెరువుల మధ్య పుట్టి, లారీలకు లారీలు బొచ్చె, శీలావతి ఐసులో పెట్టి బెంగాల్‌కు పంపే ఊళ్ళో పెరిగిన మనిషి. అక్కడ ఉన్నన్నాళ్ళూ చేపను పళ్ళెంలో తప్ప చూడలేదట. డాలస్ వచ్చాక, తూర్పుగా కారులో గంటన్నర పోతే లేక్ ఫోర్క్ అనే జలాశయం ఉందని ఆఫీసులో ఎవరో చెప్పారు. చెప్పినవాడు ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. మా అక్క ఇంకా అతని కోసం వెతుకుతూనే ఉంది.

ముందు ఆ చేప సంగతి చెప్పాలి. పేరుకు తగ్గట్టు నోరు పెద్దది, పై దవడ కంటిని దాటి వెనక్కి సాగి ఉంటుంది. బాస్ అని పిలుస్తారు గాని శాస్త్రం ప్రకారం సన్‌ఫిష్ కుటుంబానిది. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన బావగారి అమ్మగారు, మా అత్తయ్యగారు, మన పండుగప్పను కూడా ఇంగ్లీషులో సీ బాస్ అంటారని ఎక్కడో విని చుట్టరికం కలపబోయారు. బావగారు ఒప్పుకోలేదు. అది వేరు, ఇది వేరట. "పులుసులో వేస్తే తెలుస్తుందిరా చుట్టరికం" అన్నారావిడ.

ఈ చేపది చల్లని నెత్తురు. నీళ్ళు ఎంత చల్లబడితే దాని ఒళ్ళు అంత మందగిస్తుంది, ఆకలి అంత చస్తుంది. డిసెంబరు మొదట్లో లేక్ ఫోర్క్ నీళ్ళు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో 13 దగ్గర ఉంటాయి. అప్పుడు బాస్ లోతుకు దిగి, ఊరికే కూర్చుని, నోటి ముందుకే ఏదైనా వస్తే తిననా వద్దా అని ఆలోచిస్తుంది. సరిగ్గా దానికి ఆకలి పోయే రోజుల్లోనే బావగారికి ఆకలి పుడుతుంది. వసంతంలో చిన్నపిల్లాడికి కూడా పడుతుందట, అందులో గొప్పేముంది అంటారు.

దీనికి ఆయన దగ్గర ఒక పురాణం ఉంది. 1986 నవంబరులో ఇదే లేక్ ఫోర్క్‌లో మార్క్ స్టీవెన్సన్ అనే గైడుకు 17.67 పౌన్ల బాస్ పడింది. అంటే ఎనిమిది కిలోలు. దానికి ఎథెల్ అని పేరు పెట్టారు. పెద్ద బాస్‌లను తెచ్చిస్తే వాటి చేత పిల్లలు పెట్టించి చెరువుల్లో వదలాలన్న టెక్సస్ ప్రభుత్వ పథకానికి మొదటి చేప అదే. తర్వాత మిస్సోరిలోని ఒక పెద్ద గాలాల దుకాణంలో అద్దాల తొట్టిలో మహారాణిలా బతికింది. 1994లో పోతే సంతాప సభ కూడా పెట్టారు. "చూశావా, నవంబరు!" అంటారు బావగారు. ఎథెల్ నవంబరులో పడింది కాబట్టి దాని మనవరాలు కూడా నవంబరులోనే పడాలని ఆయన లెక్క.

ఆ పురాణంలో ఆయన దాటవేసే అధ్యాయం ఒకటుంది. ఎథెల్ రికార్డు 1992 జనవరి 24న ఇదే నీళ్ళలో బద్దలైంది. బ్యారీ సెయింట్ క్లేర్ అనే ఆయనకు 18.18 పౌన్ల బాస్ పడింది. టెక్సస్ రికార్డు ఇప్పటికీ అదే. అయితే ఆయన బాస్ కోసం రాలేదు. క్రాపీ అనే చిన్న చేపల కోసం, బతికున్న చేపపిల్లను ఎరగా గుచ్చుకుని వచ్చాడు. ఈ ముక్క నేనొకసారి భోజనాల దగ్గర ఎత్తితే బావగారు పెరుగన్నం కలపకుండానే లేచిపోయారు.

ఇక సరంజామా. గరాజ్‌లో కారు పట్టదు. ఎరల పెట్టెలు అరల అరలుగా, పోపులపెట్టెలకు పెద్దన్నల్లా, నేల నుంచి కప్పు దాకా ఉంటాయి. ఆవాల అరలో జిగ్గులు, మెంతుల అరలో క్రాంక్‌బెయిట్లు, ఎండుమిర్చి అరలో ప్లాస్టిక్ వానపాములు. మా అక్క చీరల్లో చిలకాకుపచ్చకు, పాచిరంగుకు తేడా తెలియని మనిషి, వానపాముల్లో గ్రీన్ పంప్‌కిన్‌కు, వాటర్‌మెలన్ రెడ్‌కు మధ్య తేడాను అరగంట చెప్పగలరు. నలుపుకు, ముదురు నీలానికి ఆ చేపకే తేడా సరిగ్గా తెలియదని పరీక్షలు చేసినవాళ్ళు చెప్పారు. బావగారికి తెలుసు. అందుకే రెండూ కొన్నారు.

ప్లాస్టిక్ వానపాముకు కూడా చరిత్ర ఉంది. 1949లో ఒహాయోలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన ఇంట్లోనే ప్లాస్టిక్ కరిగించి పోతపోశాడు. తర్వాత ఆ కంపెనీ టెక్సస్‌లోని టైలర్‌కు, లేక్ ఫోర్క్‌కు దగ్గరి ఊరికి, తరలివచ్చింది. అత్తయ్యగారు ఆ పొట్లం తిప్పి ధర చూసి, రూపాయల్లోకి మార్చి, గోడకు జారబడ్డారు. "మీ తాత కొబ్బరిచిప్పలో నాలుగు వానపాములు వేసుకుని, బెండు కట్టిన కర్ర భుజాన పెట్టుకుని వెళ్ళేవాడురా. మధ్యాహ్నానికి మట్టగిడసలు దండ గుచ్చి తెచ్చేవాడు. పైసా ఖర్చు లేదు."

"అది చేపలు పట్టడమమ్మా. ఇది ఆంగ్లింగ్" అన్నారు బావగారు.

ఉద్యోగానికి కొత్తగా వచ్చి అక్కావాళ్ళింట్లో మకాం పెట్టిన పాపానికి ఒక శనివారం నన్నూ బయల్దేరదీశారు. నాకు ఒక్కరోజు లైసెన్సు కొనిపెట్టారు. ఒంటి మీద నాలుగు పొరలు, తల మీద కోతి టోపీ. పడవ చూస్తే పెళ్ళి ఊరేగింపు కారులా ఎర్రగా తళతళలాడుతోంది. దాని ఖరీదు మాత్రం నన్నడక్కండి, అక్కకు చెప్పిన అంకె వేరు.

లేక్ ఫోర్క్ అంటే 27,000 ఎకరాల నీళ్ళు. 1980లో ఆనకట్ట కట్టి నింపేటప్పుడు చాలాచోట్ల చెట్లు కొట్టకుండా వదిలేశారు, చేపలకు నీడ ఉంటుందని. ఆ మోళ్ళు ఇప్పటికీ నీళ్ళలోంచి వేళ్ళు చాచి నిలబడే ఉన్నాయి. వాటి కొమ్మలకు తెగిన దారాలు, చిక్కుకున్న ఎరలు రంగురంగులుగా వేలాడుతున్నాయి, గుడి దగ్గర చెట్టుకు ముడుపులు కట్టినట్టు. "ఆ వెండిది నాదే. పోయిన ఏడాది కట్టాను" అన్నారు బావగారు భక్తిగా.

పడవ రైలుబండి వేగంతో పోయింది. నా కోతి టోపీ ఎగిరిపోయింది. ఎందుకింత తొందర అంటే చేపలు తినే వేళ దాటిపోతుందన్నారు. తీరా చోటు చేరాక ఇంజను ఆపి, జర్క్‌బెయిట్ అనే సన్నటి కొయ్యచేపలాంటి ఎరను విసిరి, రెండుసార్లు గుంజి, కదలకుండా నిలబడ్డారు.

నేను ఎదురుచూశాను. ఆయనా ఎదురుచూశారు.

"ఏమైంది బావగారూ?"

"ష్. పాజ్." చలికాలంలో చేప బద్ధకంగా ఉంటుంది కాబట్టి ఎరను కూడా బద్ధకంగా ఆపాలట. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంతసేపు ఆపాలట. ఆయన పదిహేను అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ రెండుసార్లు గుంజి, మళ్ళీ లెక్కపెట్టారు. దూరంగా ఒడ్డున ఒక కొంగ ఒంటికాలి మీద అదే పని చేస్తోంది. తొమ్మిదింటికల్లా దానికి మూడు పడ్డాయి.

పడవ ముందు ఒక తెర ఉంది. నీళ్ళలోకి శబ్ద తరంగాలు పంపి, ఏ లోతులో ఏముందో చూపిస్తుంది. అందులో ఒక తెల్లటి చుక్క మా ఎర వైపు కదిలింది. బావగారి ఊపిరి ఆగింది. చుక్క దగ్గరికి వచ్చింది, ఎర ముందు నిలబడింది, చూసింది, ఇంకాసేపు చూసింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పెళ్ళిచూపులకు వచ్చి కాఫీ కూడా ముట్టకుండా లేచిపోయిన పెళ్ళివారిని నేను చూశాను. అప్పుడు మా పెద్దనాన్న ముఖం ఎలా ఉందో బావగారి ముఖం అలా ఉంది.

మధ్యాహ్నం రెండింటికి ఒకటి పడింది. కర్ర వంగింది, బావగారు వంగారు, పడవ వంగింది. వలలోకి తీసి చూస్తే ఆకుపచ్చ వీపు, పక్కన నల్లటి చార, ఇంత నోరు. బల్ల మీద పడుకోబెట్టి కొలిచారు, 17 అంగుళాలు. తూకం వేశారు. నా చేత పదకొండు ఫోటోలు తీయించారు, అందులో నాలుగు ఆయన కళ్ళు మూసుకున్నవి. తర్వాత రెండు చేతులతో నీళ్ళలోకి దించి, పిల్లను అత్తవారింటికి సాగనంపే తండ్రిలా ఒక్క క్షణం పట్టుకుని, వదిలేశారు.

"అదేమిటి బావగారూ, పులుసు?"

"స్లాట్‌లో ఉందిరా" అన్నారు.

ఈ స్లాటు సంగతి ఆ రాత్రి అత్తయ్యగారికి చెప్పడానికి ఆయన నానా తంటాలు పడ్డారు. లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాల లోపు బాస్‌ను తెచ్చుకోవచ్చు. 24 దాటినవైతే రోజుకు ఒక్కటి తెచ్చుకోవచ్చు. మధ్యలోవి వదిలేయాలి, గుడ్లు పెట్టి సంతతి పెంచే వయసువి అవే కాబట్టి.

"పిల్లది తినొచ్చు, ముసలిది తినొచ్చు, మధ్యది తినకూడదా?" అన్నారావిడ. "మరి 15 అంగుళాలది పడితే తెస్తావా?"

"తేనమ్మా. వదిలేయడమే పద్ధతి. 1972లోనే రే స్కాట్ అనే పెద్దాయన పోటీల్లో పట్టిన చేపను చంపొద్దని ఉద్యమం నడిపాడు."

"24 దాటింది పడితే?"

"ఎథెల్‌ను తింటారా ఎవరైనా!"

అత్తయ్యగారు ఊరుకునే మనిషి కాదు. మనవరాలి ట్యాబ్ లాక్కుని, ప్రపంచంలోకెల్లా పెద్ద బాస్ ఎవరికి పడిందో చదివించుకున్నారు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతుకు 22 పౌన్ల 4 ఔన్సులది పడింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయనకు దానికన్నా ఔన్సు లోపు ఎక్కువ తూగింది పడింది. కొత్త రికార్డుకు కనీసం రెండు ఔన్సులు మించాలన్న నియమం ఉండడంతో ఇద్దరినీ సమానమన్నారు. అత్తయ్యగారికి ఔన్సులు అక్కర్లేదు. "ఆ మొదటి అబ్బాయి చేపనేం చేశాడమ్మా?" అని అడిగారు. పిల్ల చదివింది. ఇంటిల్లిపాదీ తిన్నారు.

"బంగారు తండ్రి" అన్నారు అత్తయ్యగారు.

మర్నాడు ఆదివారం, ఏడో రోజు. ఇంటికి నలుగురు స్నేహితులు వచ్చారు. కాఫీలు అయ్యాక ఎవరో దయతలిచి అడిగారు, ఒక్కటే ఎందుకు పడిందని. బావగారు కాళ్ళు ముడుచుకుని సోఫాలో సర్దుకున్నారు.

చేపలు ఎందుకు పడలేదంటే, ఎర దగ్గరికి రాలేదు. ఎందుకు రాలేదంటే, అవి తినే షాడ్ అనే చేపపిల్లలు లోతుకు దిగాయి. ఎందుకు దిగాయంటే, పైనీళ్ళు చల్లబడ్డాయి. ఎందుకు చల్లబడ్డాయంటే, రాత్రికి రాత్రి ఉత్తరపు గాలి దిగింది, టెక్సస్‌లో దాన్ని బ్లూ నార్తర్ అంటారు. గాలి దిగడానికి ముందు రోజైతే చేపలు ఎగబడి తింటాయి. మరి ముందు రోజే ఎందుకు వెళ్ళలేదంటే, శుక్రవారం మీటింగు ఉంది. మీటింగు ఎవరు పెట్టారంటే, ఆఫీసులో బాస్.

అందరూ తలలూపారు. నాకు చిన్నప్పుడు విన్న ఏడు చేపల కథ గుర్తొచ్చింది. అందులో చేప ఎండకపోవడానికి కారణం అడుగుతూ అడుగుతూ పోతే చివరికి చీమ దొరుకుతుంది. బావగారి కథలో మేనేజరు దొరుకుతాడు. రాజుగారి కొడుకులకు ఎండని చేప ఒక్కటే. పడని చేప, ఆ ఎనిమిదోది, బావగారి వాటాకు వచ్చింది. అది పడితే ఈయనకు చెప్పడానికేముంది? పడ్డ చేపకు 17 అంగుళాల కథే. పడని చేపకు కెనడా నుంచి గాలి, కైకలూరు నుంచి తల్లి, ఆఫీసు నుంచి మేనేజరు, అందరూ కావాలి.

ఆ రాత్రి మేనకోడలు కథ చెప్పమని పేచీ పెట్టింది. బావగారు మొదలుపెట్టారు. రాజుగారొచ్చారు, ఏడుగురు కొడుకులొచ్చారు, వేటకు వెళ్ళారు, ఏడు చేపలు పట్టారు.

"తర్వాత ఎండబెట్టారు కదా నాన్నా? నానమ్మ చెప్పింది."

"లేదమ్మా. కొలిచారు. ఫోటోలు దిగారు. వదిలేశారు."

"ఏడూనా?"

"ఏడూ స్లాట్‌లోనే ఉన్నాయి."

పిల్ల పైకప్పు చూస్తూ ఆలోచనలో పడింది. ఎండబెట్టడమే లేకపోతే గడ్డిమేటుకు పని లేదు, ఆవుకు పని లేదు, చీమకు అసలే లేదు. కథంతా కాలువలో కలిసిపోయింది.

"మరి రాణిగారు ఆ రోజు ఏం కూర వండింది నాన్నా?"

బావగారి దగ్గర జవాబు లేదు. అది వంటింట్లోంచి వచ్చింది.

"వంకాయ!"