గ్లిప్టిన్ మాత్ర స్వీయచరిత్ర

గ్లిప్టిన్ల కుటుంబంలో పుట్టి, విల్డాగ్లిప్టిన్ అనే పేరు మోస్తూ తన చరిత్రను తానే విన్నవించుకొంటున్న ఈ 50 మిల్లీగ్రాముల మధుమేహపు మాత్ర, డీపీపీ-4 అనే ఎంజైమును అడ్డగించేందుకు తయారైంది. ఆ ఎంజైము జోరు తగ్గితే, భోజనానంతరం పేగుల్లో ఊరే ఇన్‌క్రెటిన్లనే హార్మోన్లు వెంటనే నశించక, క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా స్రవింపజేస్తాయి. 2019 డిసెంబరులో పేటెంటు గడువు తీరి, అనేక భారతీయ కంపెనీలు తయారీకి దిగి ధర తగ్గడంతో, అన్నమే ఆధారమైన గోదావరి డెల్టా ఇళ్ల మందుల డబ్బాల్లోకి చేరడం దీనికి సులువైంది.

అయితే స్వీయచరిత్ర అన్నాక దోషం దాచడం తగదు. డీపీపీ-4 చర్మకణాల మీద, రోగనిరోధక కణాల మీద కూడా ఉంటుంది గనుక కాబోలు, దానిని అడ్డగించినప్పుడు కొందరిలో, ముఖ్యంగా వృద్ధుల్లో, చర్మపు పైపొరను లోపొరకు అతికించి ఉంచే ప్రోటీనునే శరీరం పరాయిదిగా భావించి యాంటీబాడీలతో దెబ్బతీస్తుంది. పొరలు విడివడి, నడుమ నీరు నిండి, బిగువైన బొబ్బలు లేస్తాయి. అరుదైన ఈ వ్యాధి పేరు బుల్లస్ పెంఫిగాయిడ్. గ్లిప్టిన్లతో దీనికి గల సంబంధం 2011 నుంచి వైద్యపత్రికలకెక్కుతోంది.

ఈ మాత్ర ఇళ్లలో ఇన్నాళ్లూ అనుమానానికి దొరక్కపోవడానికి కారణం దాని నిదానమే: బొబ్బలు మందు మొదలైన నెలలకో ఏళ్లకో వస్తాయి, వాటికి ముందు వారాల తరబడి దురద ఒక్కటే ఉంటుంది. కోనసీమ ఉక్కలో దురదకు నెపాలు కరవా? వంకాయ కూర, చేపల పులుసు, చేలో కొట్టిన పురుగుమందు వరుసగా నింద మోస్తాయి. కొబ్బరినూనె రాసుకొంటూనే మాత్రను రెండు పూటలా మింగుతారు. ఎక్కువగా దీనికి జోడీగా వచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రం ఈ నేరంలో నిర్దోషి. నోట, కళ్లలో పుండ్లు పడి చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వేరు. అది మందు మొదలైన కొద్ది వారాల్లోనే బయటపడి, ఆసుపత్రికి పరుగెత్తిస్తుంది.

బొబ్బలు లేచాక వైద్యుడు గ్లిప్టిన్‌ను మాన్పించి వేరే తరగతి మందు ఇస్తాడు. కానీ బొబ్బలను అణచే స్టీరాయిడు రక్తంలో చక్కెరను పెంచుతుంది. అందువల్లనే 2017లో బ్రిటన్, జర్మనీ పరిశోధకులు ప్రకటించిన ఫలితం గమనించదగినది: డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బొబ్బలను తగినంతగా అదుపు చేస్తూ, స్టీరాయిడు కన్న తక్కువ హాని చేసింది. ఆ డాక్సీసైక్లిన్ వంశానికి మూలపురుషుడైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి 1948లో వెలువడింది. డెల్టాలో ఏ మందుల దుకాణంలోనైనా ఆ వంశపు అట్ట ఈ మాత్రకు నాలుగు అరల దూరంలోనే ఉంటుంది.